పిలొనిడల్ సైనస్‌కి లేజరా, ఓపెనా, ఫ్లాపా? అన్నీ దగ్గర్నుంచి చూశాక మా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. పిలొనిడల్ సైనస్ (పిరుదుల మధ్య గాడిలో బెజ్జాలు పడి చీము పట్టే జబ్బు) ఆపరేషన్ గురించి వెతికేవాళ్లంతా "లేజర్ మంచిదా, కోత మంచిదా" అని అడుగుతారు. మేమూ అదే అడిగాం. కానీ డాక్టర్‌ని మొదట అడగాల్సింది వేరే ఉంది: "ఆపరేషన్ అయ్యాక కుట్టు సరిగ్గా పిరుదుల మధ్య గాడిలోనే పడుతుందా, లేక పక్కకి జరుపుతారా?" జబ్బు బాగా పాకినవాళ్లకి మళ్లీ వస్తుందా రాదా అన్నది చాలావరకు ఈ జవాబు మీదే ఉంటుంది.

నేను డాక్టర్‌ని కాదు. జబ్బు నాది కూడా కాదు, మా తమ్ముడిది. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండగా మొదలైంది. వాడితో పాటు కన్సల్టేషన్లకి తిరిగింది, డ్రెస్సింగ్ మార్చింది, బిల్లులు కట్టింది, రాత్రుళ్లు కూర్చుని దొరికిన మెడికల్ పేపర్లన్నీ చదివింది నేను. ఖమ్మంలో ఉండే మా పెదనాన్న కొడుక్కి కొన్నేళ్ల కిందట ఇదే జబ్బుకి ఓపెన్ సర్జరీ అయింది, మాకు బాగా తెలిసిన ఇంకొకాయన క్షారసూత్రం అనే ఆయుర్వేద దారం వైద్యం చేయించుకున్నారు. అందుకే అన్ని పద్ధతుల గురించీ రాయగలుగుతున్నాను. తమ్ముడు సరే అన్నాకే ఇది రాస్తున్నా. ఆసుపత్రుల పేర్లు మాత్రం రాయను, ఏ పేరూ అడగొద్దు.

జబ్బు గురించి కొంచెం తెలిస్తే తప్ప ఏ ఆపరేషన్ ఎందుకు పనిచేస్తుందో అర్థం కాదు. తోక ఎముక మీద, పిరుదుల మధ్య గాడిలో సన్నటి బెజ్జాలు పడతాయి, చూస్తే చర్మ రంధ్రాల కన్నా కొంచెం పెద్దగా కనిపిస్తాయి అంతే. ఊడిన వెంట్రుకలు గాడిలోకి జారి, కూర్చున్నప్పుడు, నడిచినప్పుడు పడే రాపిడికి ఆ బెజ్జాల్లోంచి చర్మం కిందకి దూరతాయి. శరీరానికి అవి బయటి వస్తువులే కాబట్టి వాటి చుట్టూ చీము పడుతుంది, చీము దారి వెతుక్కుంటూ పైకో పక్కకో సొరంగం చేసుకుని ఇంకోచోట నోరు తెరుస్తుంది. పుట్టుకతో వచ్చే లోపం అని ఒకప్పుడు అనుకునేవాళ్లు, ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు అలా అనుకోవడం లేదు. క్షౌరవృత్తిలో ఉన్నవాళ్లకి చేతివేళ్ల సందుల్లో కూడా ఇదే జబ్బు వస్తుంది, కస్టమర్ల జుట్టు ముక్కలు గుచ్చుకుని. దాన్ని బట్టే తెలుస్తుంది వెంట్రుక బయటి నుంచి వస్తోందని. జర్మనీ పరిశోధకులు 2018లో ఈ సైనస్‌లలోంచి తీసిన వెంట్రుకల్ని చూస్తే వాటిలో చాలావరకు కుదురు లేని, కత్తిరించిన మొనలున్న తల వెంట్రుక ముక్కలే. కటింగ్ చేయించుకోగానే తలస్నానం చేయమని మా ఇళ్లలో ఎటూ అంటారు కదా, ఈ జబ్బున్నవాళ్లు దాన్ని అస్సలు తప్పకూడదు.

ఎక్కువగా మగపిల్లల్లో, పదహారు పదిహేడేళ్ల నుంచి నలభై లోపు కనిపిస్తుంది. గంటలకొద్దీ కూర్చునే పని, ఒంటి మీద జుట్టు ఎక్కువ, గాడి లోతుగా ఉండటం, కొంచెం బరువు, ఇవన్నీ కలిస్తే అవకాశం పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో 80 వేల మంది దాకా దీనితో ఆసుపత్రి పాలయ్యారు, జీపుల్లో కుదుపులకి వస్తుందని దానికి జీప్ జబ్బు అని పేరు కూడా పెట్టారు. కాబట్టి మీకే ఏదో వింత రోగం వచ్చిందని, శుభ్రత లేకపోవడం వల్లేనని కుమిలిపోకండి. మా తమ్ముడు సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా చాలాకాలం దిండు వేసుకుని కూర్చున్నాడు. చివరికి జ్వరం వచ్చి, కూర్చోలేక, బైక్ ఎక్కలేక "అన్నా, ఒకసారి రా" అని ఫోన్ చేశాడు.

మా అమ్మ వేడి చేసి వచ్చిన సెగ్గడ్డ అనుకుని ఉల్లిపాయ కాల్చి కట్టమంది. ఆ వయసు పిల్లలున్న ఏ అమ్మయినా అదే అంటుంది. గడ్డ నిండా చీము ఉన్నప్పుడు మాత్రం ఎవరు చేసినా చేయాల్సింది ఒకటే: కోసి చీము తీసేయడం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గాడికి కొంచెం పక్కగా కోత పెట్టి చీము పిండేస్తారు. యాంటీబయాటిక్స్ ఒక్కటే మింగుతూ కూర్చుంటే గడ్డ లోపలే ఉండిపోతుంది. చీము తీసిన రాత్రి వాడు ఎన్నాళ్ల తర్వాతో హాయిగా నిద్రపోయాడు. కొందరికి దీంతోనే సరిపోతుంది, మళ్లీ రాదు. మళ్లీ మళ్లీ చీము కారుతుంటేనే అసలు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. చీము నిండి ఎర్రగా ఉన్నప్పుడే "ఇప్పుడే పెద్ద ఆపరేషన్ చేసేద్దాం" అన్నవాళ్ల దగ్గర కొంచెం ఆగండి. మేం కలిసిన మంచి సర్జన్లంతా ముందు చీము తీసి, వాపు తగ్గాక ప్లాన్ చేద్దాం అన్నారు.

ఇక ఒక్కో పద్ధతి.

ఓపెన్ సర్జరీ అంటే సైనస్ మొత్తాన్ని తోక ఎముక పొర దాకా కోసి తీసేసి, కుట్టకుండా గాయాన్ని అలా తెరిచి వదిలేస్తారు, అడుగు నుంచి కండ పెరిగి అదే పూడాలి. మా పెదనాన్న కొడుక్కి చేసింది ఇదే. ఆపరేషన్ తేలిక, ఏ ఊళ్లో ఏ జనరల్ సర్జన్ అయినా చేయగలరు, ఖర్చూ తక్కువ. కష్టమంతా తర్వాతే. రోజూ గాయంలో పెట్టిన గాజ్ గుడ్డ తీయాలి, సెలైన్‌తో కడగాలి, మళ్లీ కొత్త గుడ్డ పెట్టాలి. మొదట్లో ఆ గుడ్డ తీసేటప్పుడు వాడు మంచం కోడు పట్టుకుని పళ్లు బిగబట్టేవాడు, వదిన ఏడుస్తూనే డ్రెస్సింగ్ చేసేది. నెలలు పట్టింది పూడటానికి. మధ్యలో పైన చర్మం మూసుకుని లోపల ఖాళీ మిగిలిపోతే సర్జన్ మళ్లీ తెరిచారు. అప్పటిదాకా షాపుకి వెళ్లలేదు, సంపాదన లేదు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, మళ్లీ రాలేదు, అది నిజం. డ్రెస్సింగ్ చేసే మనిషి ఇంట్లో ఉండి, ఉద్యోగం ఆగినా పర్వాలేదు అనుకుంటే తప్ప దీన్ని నేను మొదటి ఎంపికగా ఎవరికీ చెప్పను. బాగా ఇన్‌ఫెక్షన్ ఉన్న కేసుల్లో మాత్రం ఇది తప్పదని సర్జన్లు అంటారు, వాక్యూమ్ డ్రెస్సింగ్ (మెషిన్‌తో గాయంలో నీరు లాగేసే కట్టు) పెడితే కొంత త్వరగా పూడుతుందట, అది ఖర్చుతో కూడిన పని. గాయం అంచుల్ని అడుగుకి కుట్టేసి సైజు తగ్గించే పద్ధతి కూడా ఉంది, మార్సుపియలైజేషన్ అంటారు. అది ఓపెన్ కన్నా కొంచెం త్వరగా మానుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం: కోసి తీసేసి, రెండు అంచులూ దగ్గరికి లాగి గాడి మధ్యలోనే నిలువుగా కుట్టేయడం. వినడానికి ఇదే బాగుంటుంది, గాయం మూసేశారు, డ్రెస్సింగ్ బాధ లేదు, పది పదిహేను రోజుల్లో కుట్లు తీసేస్తారు. నేను గట్టిగా వద్దు అని చెప్పేది మాత్రం దీన్నే. ఆ గాడి ఎప్పుడూ చెమటతో తడిగా ఉంటుంది, గాలి ఆడదు, కూర్చున్న ప్రతిసారీ రెండు పక్కల నుంచి లాగుడు ఉంటుంది. పైగా జబ్బు రావడానికి కారణమైన లోతు గాడి అలాగే మిగిలిపోతుంది, అందులో కొత్తగా ఒక కుట్టు మచ్చ, వెంట్రుకలు దూరడానికి ఇంకో దారి. 2018లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ఉంది, అన్ని రకాల స్టడీలూ కలిపి 89,583 మంది రోగుల లెక్కలు చూశారు. మధ్యలో కుట్టిన వాళ్లలో 240 నెలలకి, అంటే ఇరవై ఏళ్లకి, మళ్లీ రావడం 67.9 శాతం దాకా ఉంది. అంతకుముందే 2010లో కాక్రేన్ (వైద్య స్టడీలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా స్పష్టంగా చెప్పింది, కుట్టి మూయాలనుకుంటే మధ్యలో కాకుండా పక్కగా కుట్టడమే ప్రామాణికంగా ఉండాలని. ఇంత తెలిశాక కూడా ఇంకా మధ్యలో కుట్టేవాళ్లున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆపరేషన్ చేస్తున్నామంటే వాడు ఇంకో యాభై ఏళ్లు బతకాలి, కూర్చోవాలి, పని చేసుకోవాలి. రెండేళ్ల తర్వాత ఎలా ఉంది అన్న లెక్క ఒక్కటే వాడికి చాలదు.

ఇప్పుడు లేజర్. హైదరాబాద్‌లో దీని ప్రకటనలు లేని చోటు లేదు, ఫోన్‌లో ఒకసారి వెతికితే చాలు, ఇక కాల్స్ మొదలు. మా తమ్ముడికి మొదట చేయించింది ఇదే. ఒక క్లినిక్ వాళ్లు ఫోన్‌లోనే అన్నీ మాట్లాడేశారు, కోఆర్డినేటర్ అనే అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, కోత లేదు, కుట్లు లేవు, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవచ్చు, మర్నాడు కాలేజీకి వెళ్లొచ్చు అంది, ఈ వారంలో బుక్ చేస్తే తగ్గింపు అంది. ఆపరేషన్ చేసే సర్జన్ ఎవరో ఆ రోజు దాకా మాకు తెలీదు. ఆయన పరీక్ష చేసింది చాలా తక్కువసేపు. మళ్లీ వచ్చే అవకాశం ఎంత అని అడిగితే "చాలా రేర్" అన్నారు, ఇంకేం చెప్పలేదు. లేజర్ బిల్లు లక్షకి దగ్గరగా అయింది.

పద్ధతి మాత్రం చెడ్డది కాదు, అది కూడా సరిగ్గా చెప్పాలి. బెజ్జాల్ని కొంచెం వెడల్పు చేసి, లోపలి వెంట్రుకలు, చెత్త అంతా బ్రష్‌తోనో స్కూప్‌తోనో శుభ్రం చేసి, సన్నటి లేజర్ ఫైబర్ లోపలికి పంపి, వెనక్కి లాగుతూ సొరంగం గోడల్ని లోపల్నుంచి కాల్చి ముడుచుకునేలా చేస్తారు. ఎక్కువగా 1470 నానోమీటర్ల డయోడ్ లేజర్ వాడతారు. నొప్పి నిజంగానే తక్కువ. తమ్ముడు రెండో రోజుకే మామూలుగా నడిచాడు, కూర్చున్నాడు కూడా. కొన్ని వారాలు కొంచెం నీరులా కారింది, అది మామూలే అన్నారు. తర్వాత ఆగిపోయింది. అందరం సంతోషించాం. సెమిస్టర్ పరీక్షల టైమ్‌కి మళ్లీ అదే చోట తడి, మళ్లీ వాపు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఇంకో సిట్టింగ్ అవసరం, దానికి విడిగా కట్టాలి అన్నారు.

తర్వాత చూసిన సర్జన్ ఒక మాట చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. "ఒకటి రెండు బెజ్జాలు, చిన్న సొరంగం, మొదటిసారి వచ్చింది అయితే లేజర్ నేనూ చేస్తాను. ఈ అబ్బాయికి గాడి చాలా లోతు, రెండు పక్కలా నోళ్లున్నాయి, జుట్టు ఎక్కువ. లేజర్ సొరంగాన్ని మూస్తుంది, గాడిని మార్చదు." అంతే విషయం. లేజర్‌కి పదేళ్లు, ఇరవై ఏళ్ల లెక్కలు పాత పద్ధతులకి ఉన్నంతగా లేవు, కాబట్టి "శాశ్వత పరిష్కారం" అని రాసిన ప్రకటనని నమ్మకండి. చిన్న కేసు అయితే మొదటి ప్రయత్నంగా చేయించుకోవచ్చు, పనిచేయకపోయినా తర్వాత ఫ్లాప్‌కి (పక్క చర్మాన్ని తిప్పి కుట్టే ఆపరేషన్‌కి) దారి మూసుకుపోదు. మాకు కోపం పద్ధతి మీద కాదు, ఎవరికి పనికొస్తుందో ఎవరికి పనికిరాదో చెప్పకుండా అమ్మడం మీద.

ఇదే కోవలో చిన్న కోతల పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి. ఎప్సిట్ అని ఇటలీ సర్జన్ పియెర్‌కార్లో మెయినెరో మొదలుపెట్టిన ఎండోస్కోపీ పద్ధతి, సన్నటి కెమెరా లోపలికి పంపి చూస్తూ వెంట్రుకలు తీసి గోడలు కాలుస్తారు. కళ్లతో చూస్తూ చేస్తారు కాబట్టి లోపల వెంట్రుకలు మిగిలిపోయే అవకాశం తక్కువ అనిపించింది నాకు, కానీ ఆ పరికరం అన్ని చోట్లా లేదు. పిట్ పికింగ్ ఇంకా తేలికైనది: లోకల్ మత్తుతో ఒక్కో బెజ్జాన్ని మాత్రం బియ్యపు గింజంత కోసి తీసేస్తారు. అమెరికాలోని ఓరెగాన్‌కి చెందిన జాన్ బాస్కమ్ అనే సర్జన్ 1980లో చెప్పిన ఆలోచన ఇది. ఇజ్రాయెల్‌లో గిప్స్ బృందం చిన్న గుండ్రటి బ్లేడ్లతో ఇలాగే 1,358 మందికి చేసి 2008లో ఫలితాలు రాసింది, మళ్లీ రావడం ఏడాదికి 6.5 శాతం, పదేళ్లకి 16.2 శాతం. ఇంత చిన్న పనికి, మర్నాడే పనిలోకి వెళ్లగలిగేదానికి, ఇది చాలా మంచి ఫలితం అని నా అభిప్రాయం. విచిత్రం ఏమిటంటే మాకు దీని గురించి ఎవరూ చెప్పలేదు. మీది చిన్న కేసు అయితే లేజర్‌కి లక్ష కట్టే ముందు దీని గురించి అడగండి. ఫినాల్ అనే రసాయనాన్ని లోపల వేసి సొరంగాన్ని పూడ్చే పద్ధతి టర్కీలో బాగా చేస్తారు, మన దగ్గర చేసేవాళ్లు మాకు తగల్లేదు.

క్షారసూత్రం గురించి చాలామంది అడుగుతారు, మన దగ్గర ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రుల్లో కూడా చేస్తారు కాబట్టి. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు పూతలుగా పట్టించి ఆరబెట్టిన దారాన్ని సొరంగంలోంచి ఎక్కించి కడతారు, వారానికోసారి కొత్త దారం మారుస్తారు, అది కొంచెం కొంచెంగా కోసుకుంటూ మాన్పుకుంటూ వస్తుంది. భగందరానికి, అంటే ఫిస్టులాకి, దీనికి మంచి పేరుంది, ఆధునిక పద్ధతిలో ట్రయల్స్ కూడా జరిగాయి. పిలొనిడల్‌కి అంత పెద్ద స్టడీలు నేను చూడలేదు. మాకు తెలిసిన ఆయనకి తగ్గింది, ఖర్చు చాలా తక్కువ అయింది, కానీ దారం మార్చిన రోజు మంట బాగా ఉండేదని, చాలా వారాలు తిరగాల్సి వచ్చిందని చెప్పారు. చేయించుకుంటే శల్యతంత్రంలో, అంటే ఆయుర్వేద సర్జరీలో, పీజీ చేసిన వైద్యుల దగ్గరే చేయించుకోండి. గోడ మీద "పైల్స్ ఫిస్టులా గ్యారంటీ" అని రాసుకున్న చోట్లకి దయచేసి వెళ్లకండి, ఏ క్షారం ఎంత వాడుతున్నారో తెలీనివాళ్ల చేతిలో కండ కాలిపోయిన మనిషిని నేను వెయిటింగ్ హాల్లో చూశాను.

ఇక ఫ్లాప్. తమ్ముడికి చివరికి చేయించింది లింబర్గ్ ఫ్లాప్, ఈ మొత్తం అనుభవంలో నేను మనస్ఫూర్తిగా బాగుంది అని చెప్పేది ఇదే. జబ్బున్న భాగాన్నంతా పేకముక్కల్లో డైమండ్ గుర్తు ఆకారంలో కోసి తీసేస్తారు, 60 డిగ్రీలు, 120 డిగ్రీల కోణాలతో. పక్కన పిరుదు మీద అదే కొలతతో చర్మం, కొవ్వు కలిపి ఒక ముక్కని మూడు వైపులా విడదీసి, రక్తం సరఫరా తెగకుండా ఒక వైపు అతుక్కునే ఉంచి, దాన్ని తిప్పి ఆ ఖాళీలో అమర్చి కుడతారు. దీంతో లోతైన గాడి పోయి అక్కడ చదునుగా అవుతుంది, కుట్లలో ఎక్కువ భాగం గాడికి పక్కన పడతాయి. మా సర్జన్ కాగితం మీద పెన్నుతో గీసి చూపించారు, అమ్మకి కూడా అర్థమైంది. మామూలు లింబర్గ్‌లో డైమండ్ కింది మూల మళ్లీ గాడి మధ్యలోకే వస్తుంది, మళ్లీ వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది, అందుకని దాన్ని కొంచెం పక్కకి జరిపి చేసే మోడిఫైడ్ లింబర్గ్ ఉంది. మీ సర్జన్ ఏది చేస్తారో అడగండి, ఈ ఒక్క ప్రశ్నకి ఆయన చెప్పే తీరులోనే ఆయన ఎన్ని చేశారో తెలిసిపోతుంది.

వెన్నులో మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టి చేశారు. తర్వాత సన్నటి పైపు, దానికి ప్లాస్టిక్ బల్బు, లోపల చేరే నీరు లాగడానికి. అది తీసేదాకా ఆసుపత్రిలోనే ఉన్నాం. రెండు వారాల దాకా కూర్చోవద్దన్నారు, బోర్లా గానీ పక్కకి తిరిగి గానీ పడుకోవడం, నిలబడి తినడం. ఇంట్లో కింద కూర్చునే బాత్‌రూమ్ మాత్రమే ఉంటే ముందే వెస్టర్న్ కమోడ్ ఏర్పాటు చూసుకోండి, కింద కూర్చుంటే కుట్లు సాగుతాయి, ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. విరేచనం గట్టిగా అవకుండా ఇసబ్‌గోల్ ఇచ్చారు. నొప్పి మొదటి రెండు మూడు రోజులు బాగానే ఉంది, తర్వాత మాత్రలతో సర్దుకుంది. కింది మూలలో రెండు కుట్ల దగ్గర కొంచెం విడిపోయి తడి వచ్చింది, నాకు చాలా టెన్షన్ వచ్చింది, మళ్లీ మొదటికే వచ్చిందేమో అని. సర్జన్ ఫోటో చూసి, రమ్మని చూసి, డ్రెస్సింగ్‌తోనే మానుతుందన్నారు, మానింది. అలా ఆపరేషన్ తర్వాత ఫోన్ ఎత్తే సర్జన్ దొరకడం ఎంత అదృష్టమో ఆ రోజు తెలిసింది.

లోపాలు కూడా చెప్తాను. మచ్చ పెద్దది, పిరుదు మీద కోణాలుగా కనిపిస్తుంది. ఆ ముక్క మీద స్పర్శ చాలాకాలం మొద్దుగా ఉంటుంది, తమ్ముడికి ఇప్పటికీ కొంచెం అలాగే ఉంది. వాడికి దాని గురించి బాధ లేదు, చీము వాసన భయం లేకుండా క్లాసులో కూర్చోగలుగుతున్నాడు, వాడికి అది చాలు. అమ్మాయిలకీ, మచ్చ గురించి ఆలోచించేవాళ్లకీ మాత్రం సర్జన్ ముందే ఫోటోలు చూపించి మాట్లాడాలి. ఇందాక చెప్పిన 2018 విశ్లేషణలోనే యాదృచ్ఛిక ట్రయల్స్ (ఎవరికి ఏ పద్ధతో చీటీ వేసినట్టు తేల్చే స్టడీలు) వరకు చూస్తే లింబర్గ్, దాని లాంటి డ్యుఫోర్‌మెంటెల్ ఫ్లాప్‌లకి మళ్లీ రావడం 12 నెలలకి 0.6 శాతం, 24 నెలలకి 1.8 శాతం.

ఆ విశ్లేషణలో ఇంతకన్నా మంచి లెక్కలు కరిడాకిస్, బాస్కమ్ పద్ధతులకి వచ్చాయి, అన్ని స్టడీలూ కలిపి చూస్తే 12 నెలలకి 0.2 శాతం, 24 నెలలకి 0.6 శాతం. కరిడాకిస్ గ్రీకు సైన్యంలో సర్జన్, వేలమంది సైనికులకి ఆపరేషన్ చేసి ఈ జబ్బుకి మూడు కారణాలు చెప్పారు: ఊడిన వెంట్రుకలు, వాటిని లోపలికి నెట్టే ఒత్తిడి, దూరనిచ్చే బలహీనమైన చర్మం. గాడి అడుగున అలాంటి చర్మమే లేకుండా చేస్తే చాలన్నది ఆయన లెక్క, అందుకే కోతని ఒక పక్కకి పెట్టి, ఇంకో పక్క చర్మాన్ని లాగి కుట్టు మొత్తం పక్కన పడేలా చేస్తారు. పిట్ పికింగ్ చెప్పిన బాస్కమే ఆ తర్వాత చేసిన క్లెఫ్ట్ లిఫ్ట్ కూడా ఈ దారిలోదే, అందులో లోపలి కొవ్వుని పెద్దగా తీయరు, చర్మం మాత్రం తీసి గాడిని పైకి లేపి చదును చేస్తారు. మచ్చ ఒకే గీతలా ఉంటుంది, లింబర్గ్ కన్నా చూడటానికి బాగుంటుంది. మీకు దగ్గర్లో ఇవి బాగా చేసే సర్జన్ ఉంటే నేనయితే లింబర్గ్ కన్నా ముందు దీన్నే అడుగుతాను. మాకు దొరికిన మంచి చెయ్యి లింబర్గ్ చేసే చెయ్యి, అందుకని అటు వెళ్లాం. పద్ధతి పేరు ఎంత ముఖ్యమో, అదే పద్ధతిని ఆ సర్జన్ తరచుగా చేస్తున్నారా అన్నదీ అంతే ముఖ్యం. ఫ్లాప్ చేయించుకోవడానికి ఖరీదైన కార్పొరేట్ ఆసుపత్రే అక్కర్లేదు, పెద్ద ప్రభుత్వ టీచింగ్ ఆసుపత్రుల్లో జనరల్ సర్జరీ వాళ్లకి ఇది కొత్త పని కాదు, పడకల కోసం, డేట్ కోసం తిరగాల్సి రావచ్చు, ఓపిక ఉంటే అడగండి.

ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు. నోళ్లు మలద్వారం దగ్గరగా ఉంటే అది ఫిస్టులా కాదని తేల్చుకోవడానికి, లేదా ఒకసారి ఆపరేషన్ అయ్యాక మళ్లీ వస్తే, రాస్తారు. తీసిన ముక్కని బయాప్సీకి పంపమని అడగండి, మన దగ్గర టీబీ కూడా ఇలాంటి మానని పుండుగా కనిపించవచ్చు, ఏళ్ల తరబడి వదిలేసిన సైనస్‌లలో చాలా అరుదుగా క్యాన్సర్ కూడా కనిపిస్తుంది. సిగరెట్ తాగేవాళ్లు ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు నుంచే మానేయాలి, ఫ్లాప్ అంచులకి రక్తం బాగా అందాలంటే అది తప్పదు.

ఆపరేషన్ ఎంత బాగా జరిగినా జుట్టు సంగతి చూసుకోకపోతే లాభం లేదు. తమ్ముడికి గాయం పూర్తిగా మానాక స్కిన్ డాక్టర్ దగ్గర లేజర్ హెయిర్ రిమూవల్ సిట్టింగ్‌లు మొదలుపెట్టాం. ఇది వేరు, ఆపరేషన్ లేజర్ వేరు, రెండూ ఒకటే అనుకుని "మాకు లేజర్ అయిపోయింది కదా" అని దీన్ని వదిలేసేవాళ్లు ఉన్నారు. ఖర్చు వద్దనుకుంటే ట్రిమ్మర్‌తో ఇంట్లో ఎవరైనా వారానికోసారి తీయొచ్చు. స్నానం చేశాక ఆ గాడి పొడిగా తుడుచుకోవడం, గంటకోసారి కుర్చీలోంచి లేవడం, ఇంతే.

డబ్బు విషయం. మీరు సొంతంగా హెల్త్ పాలసీ తీసుకుని ఉంటే అందులో కొన్ని జబ్బులకి రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, చాలా పాలసీల్లో పైల్స్, ఫిషర్, ఫిస్టులాతో పాటు పిలొనిడల్ సైనస్ కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. ఆరోగ్య సంజీవని పాలసీలో కూడా 24 నెలలు. పాలసీ తీసుకున్న మరుసటి నెలే ఆపరేషన్ పెట్టుకుంటే క్లెయిమ్ రాదు, క్లినిక్ వాళ్లు "ఇన్సూరెన్స్ మేం చూసుకుంటాం" అన్నా నమ్మొద్దు, కంపెనీకి మీరే ఫోన్ చేసి ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) వచ్చిందో లేదో కనుక్కోండి. ఉద్యోగంలో ఇచ్చే గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఈ వెయిటింగ్ ఉండదు, తల్లిదండ్రుల పాలసీలో పిల్లలకి ఎంత వయసు దాకా కవర్ ఉందో హెచ్‌ఆర్‌ని అడగండి. తమ్ముడి ఫ్లాప్ బిల్లులో ఎక్కువ భాగం నాన్న ఆఫీస్ పాలసీలో వచ్చింది, గ్లౌజులు, డ్రెస్సింగ్ సామాన్లు లాంటివి మాత్రం మేమే కట్టాం. డిశ్చార్జ్ సమ్మరీలో ఏ పద్ధతిలో చేశారో పేరుతో సహా రాయించుకుని దాచుకోండి, ఎప్పుడైనా వేరే డాక్టర్‌కి చూపించాల్సి వస్తే ముందు అడిగేది అదే.